ఎడమ వైపు టైర్లే ఎందుకు పోతున్నాయి? నాచారంలోని ఒక టైర్ల దుకాణం గురించి

పద్నాలుగు నెలల వ్యవధిలో నా కారుకు మూడు టైర్లు పోయాయి. మూడూ ఎడమ వైపువే. రెండు వెనకవి, ఒకటి ముందుది. గ్రిప్ సగానికి పైగా మిగిలి ఉండగానే మొదటి రెండింటికి సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద గోరు దూరేంత చీలిక, మూడోదానికి నిమ్మకాయంత ఉబ్బు వచ్చాయి. గుండయ్యేదాకా తిరిగిన టైరును మార్చడానికి ఎవరికీ బాధ ఉండదు గానీ, ఏడాది నిండని టైరును తుక్కు కింద ఇచ్చేయవలసి వస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. మొదటిసారి వెళ్లిన షోరూములో అలైన్‌మెంట్ పోయిందన్నారు, చేయించాను. రెండోసారి మరో చోట కంపెనీ మార్చి చూడమన్నారు, మార్చాను. మూడోసారి ఒక సహోద్యోగి చెప్పగా హైదరాబాద్‌లోని నాచారం పారిశ్రామికవాడ వైపున్న, బోర్డు మీద అక్షరాలు సగం చెరిగిపోయిన ఒక పాత దుకాణానికి వెళ్లాను.

కొత్త టైరు ధర అడిగితే యజమాని చెప్పలేదు. ‘ఇప్పుడే ఎక్కిస్త సార్, నాకేం పోయింది? ఆర్నెల్లకు మళ్ల పగిలితే నా టైరే ఖరాబ్ అంటరు’ అని, పాత టైర్లేమయ్యాయని అడిగారు. మొదటిది తుక్కుకు పోయింది గానీ దాని ఫొటో ఫోనులో ఉంది. రెండోది సెల్లార్‌లో ఒక మూల పడి ఉంది. దాన్ని తీసుకొచ్చాకే పని మొదలుపెడతానన్నారు. వెనక్కి వెళ్లి తెచ్చేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరకు నేను విసుక్కున్న మాట నిజమే.

అలైన్‌మెంట్ మాటను ఆయన ఒక్క నిమిషంలో తేల్చేశారు. చక్రం వంకరగా నడిస్తే అరిగేది నేలకు తగిలే భాగం. ట్రెడ్‌కు లోపలి అంచో బయటి అంచో ముందుగా పలచబడుతుంది, అంతే తప్ప సైడ్‌వాల్ చీలదు, ఉబ్బదు. నా టైర్ల ట్రెడ్ రెండంచులా సమానంగానే ఉంది. మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్కో సస్పెన్షన్ భాగమో రాసుకుంటే గీత టైరు చుట్టూ వలయంలా పడాలి, అదీ లేదు. గాలి దాదాపు లేకుండానే చాలాదూరం నడిపిన టైరైతే విప్పినప్పుడు లోపల నల్లటి రబ్బరు పొడి రాలుతుంది, చుట్టూతా మడతలు కనిపిస్తాయి; అవీ కనిపించలేదు. నేను తయారీ లోపమేమోనని సందేహించి చూపించిన, లోపలికి నొక్కుకుపోయిన సన్నని నిలువు గీతలకు ఆయన నవ్వి ఊరుకున్నారు. అవి లోపలి పొరల అంచులు ఒకదానిపై ఒకటి కలిసిన చోట్లట, వాటితో ప్రమాదం లేదు. లోపలికి దిగిన గీతకు కాదు, బయటికి పొంగిన దానికి భయపడాలి.

ఆ తర్వాత ముందు టైరును రిమ్ము నుంచి విప్పి, నా చేతిని పట్టుకుని టైరు లోపలి వైపున తడిమించారు. ఉబ్బు ఉన్న చోటికి సరిగ్గా వెనక, నున్నటి రబ్బరు మీద వెంట్రుకంత సన్నని గాటు వేలికి తగిలింది. దానికి ఎదురుగా, కారు లోపలి వైపు గోడలో కూడా అలాంటిదే మరొకటి ఉంది. అది ఇంకా బయటికి పొంగలేదు. రిమ్ము అంచును గుడ్డతో తుడిచి చూపిస్తే అదే చోట కాస్త వంగి ఉంది. గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య టైరు నలిగినప్పుడు రెండు గోడల్లోనూ పాలియెస్టర్ దారాలు తెగుతాయి, గాలి ఆ సందులోకి చొరబడి పలచటి రబ్బరును బయటికి తోస్తుంది. అలా తెగిన దారాలను ఏ పంక్చర్ ప్యాచీ తిరిగి అతకలేదు; సైడ్‌వాల్‌కు అతుకు వేస్తామనే వారి దగ్గర వేయించుకోకూడదు.

నలగడానికి గాలి తక్కువ కావడమే కారణమని ఆయన అనుమానం. నేను నెలనెలా బంకులో 33 పీఎస్ఐ కొట్టిస్తున్నానని వాదించాను. ఆయన వాదించకుండా తన మీటరు నా చేతికిచ్చి, కారు రాత్రంతా నిలిపి ఉంచాక పొద్దున్నే, ఎక్కడికీ కదలక ముందు చూసుకోమన్నారు. మూడు రోజుల ముందు కొట్టించిన గాలి 27 చూపింది. బంకు నా ఇంటికి తొమ్మిది కిలోమీటర్లు. అంతదూరం నడిచి వేడెక్కిన టైరులో గాలి ఎక్కువగా కనిపిస్తుంది, ఆ బంకు మీటరు కూడా ఎక్కువే చూపిస్తోంది. డ్రైవరు తలుపు చట్రం మీద అంటించిన చీటీలోని 33 అనే అంకె చల్లగా ఉన్న టైరుకు చెప్పినదని నేనెన్నడూ పట్టించుకోలేదు.

అదే చీటీలో టైరు కొలత 185/65 ఆర్15 (185 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 65 శాతం సైడ్‌వాల్ ఎత్తు, 15 అంగుళాల రిమ్ము) అని ఉండగా, కారును నాకు అమ్మిన వ్యక్తి అందం కోసం 16 అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించి 195/55 ఆర్16 ఎక్కించి ఉన్నారు. చక్రం మొత్తం ఎత్తులో తేడా మిల్లీమీటరు కూడా లేదు, కాబట్టి ఎవరి కంటికీ తెలియదు. సైడ్‌వాల్ ఎత్తు మాత్రం 120 మిల్లీమీటర్ల నుంచి 107కు తగ్గింది. రిమ్ముకూ గుంతకూ మధ్య ఉండవలసిన మెత్తదనంలో 13 మిల్లీమీటర్లు పోయాయి, దానిపైన గాలి కూడా తక్కువ.

అయితే వెనక టైర్ల కథ వేరని ఆయన పట్టుకున్న తీరే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది. మూడూ ఎడమ వైపే పోయాయి కాబట్టి కారణం ఒక్కటేనని నేను మొదటినుంచీ నమ్మాను. ఆయన పాత టైరు మీది చీలికకు సుద్దముక్కతో గీత గీసి, ఫొటోలోని దానితో పోల్చారు. రెండూ బయటి గోడ మీదే, ట్రెడ్ అంచు నుంచి ఒకే దూరంలో ఉన్నాయి. కారు లోపలి వైపు గోడకు దెబ్బ లేదు, చీలిక అంచుల్లో తుప్పు రంగు ఉంది. రోజూ ఎడమకు ఇరుకుగా ఎక్కడ తిరుగుతారని అడిగి, నేల మీద రెండు వంపులు గీశారు: మలుపులో వెనక చక్రం ముందు చక్రం దారినే రాదు, ఇంకా లోపలికి కోసుకుంటూ వస్తుంది. ఆ సాయంత్రం మా అపార్టుమెంటు గేటు దగ్గర కారు దిగి చూస్తే, మురుగు కాలువ మీది పలకకు బిగించిన ఇనుప యాంగిల్ ఒక మూల 45 మిల్లీమీటర్ల ఎత్తు లేచి ఉంది, దాని అంచుకు నల్లటి రబ్బరు మరక అంటి ఉంది. రెండేళ్లుగా రోజుకు రెండుసార్లు దాని పక్కనుంచే వెళుతున్నాను. అసోసియేషన్ వారు దాన్ని కోయించి, సిమెంటుతో వాలు కట్టించారు.

లోపాలు లేని దుకాణమేమీ కాదు. ముందు సస్పెన్షన్ బుష్ పోయి ఉంటుందని ఆయనే పట్టుబట్టి నన్ను ఒక గ్యారేజీకి పంపారు. బుష్ బాగానే ఉందని తేలింది, నాకు 600 రూపాయలు వృథా అయ్యాయి. బిల్లు రెండుసార్లు అడిగితే గానీ ఇవ్వలేదు. పరీక్షకు 300 రూపాయలు తీసుకుని, టైరు అక్కడే కొన్నందుకు అవి ధరలో తగ్గించారు. టైరు ధర మాత్రం బయటికంటే నాలుగైదు వందలు ఎక్కువే. నేను చివరికి పాత అల్లాయ్‌లు అమ్మేసి 15 అంగుళాల చక్రాలకే మారాను, చల్లటి టైరులోనే గాలి చూసుకుంటున్నాను. ఎనిమిది నెలలుగా, 11 వేల కిలోమీటర్లలో, ఒక్క ఉబ్బూ రాలేదు.

ఆదివారం తీయరు. కూర్చోవడానికి ఒక్కటే స్టూలు, దాని మీద సాధారణంగా ఎవరో ఒకరి టైరు ఉంటుంది. పోయిన టైరు ఇంకా ఇంట్లో ఉంటే డిక్కీలో వేసుకునే వెళ్లండి, లేకపోతే నాలాగే వెనక్కి పంపిస్తారు.