ఒక్క థ్రిల్లర్, పద్దెనిమిది మంది పాఠకులు: ఎలా తిప్పితే మేలు?

పుస్తకం ఒకటే, చదువుతామన్నవాళ్ళు పద్దెనిమిది మంది. ఎవరో ఇల్లు మారుతూ, "నేను చదివేశాను, మీ గ్రూపులో ఎవరికైనా ఇవ్వండి" అని 480 పేజీల థ్రిల్లర్ చేతిలో పెట్టారనుకోండి. వాట్సాప్‌లో అట్ట ఫొటో పడిందో లేదో "నాకు", "నాకూ", "నెక్స్ట్ నేనే" అని మెసేజ్‌లు మొదలవుతాయి. అంతవరకూ సరదాగానే ఉంటుంది. అసలు పేచీ ఆ తర్వాత. పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి, ఏ వరుసలో తిరగాలి, అందరి చేతులూ దాటేసరికి ఎన్ని నెలలు పట్టాలి?

కవిత్వమో చరిత్రో అయితే తొందరేమీ లేదు, ఎవరి వీలును బట్టి వాళ్ళు చదువుకుంటారు. థ్రిల్లర్ అలా కాదు. పట్టుకుంటే రెండు మూడు రాత్రుల్లో అయిపోతుంది, అయిపోయాక మళ్ళీ తెరవబుద్ధి కాదు. పైగా హంతకుడెవరో కొందరికి తెలిసి, మిగతావాళ్ళకు తెలియకుండా ఎన్ని వారాలు గడిస్తే, ఎవరో ఒకరు నోరు జారే ప్రమాదం అంత పెరుగుతుంది. అందుకని పద్ధతి ఎంచుకునేటప్పుడు నేను ముందు వేగం చూస్తాను, ఆ తర్వాతే భద్రత. చాలా గ్రూపుల్లో దీనికి తలకిందులుగా ఆలోచిస్తారు. పుస్తకం పోకూడదని ఒకరి బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఇక అది పోదు, నిజమే. కానీ ఎవరూ చదవరు కూడా.

ముందు పీడీఎఫ్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "స్కాన్ చేసి గ్రూపులో పెడితే అయిపోతుంది కదన్నా?" అయిపోదు. కొన్న పుస్తకాన్ని ఎంతమందికైనా చదవడానికి ఇవ్వొచ్చు, దానం చేయొచ్చు, సెకండ్ హ్యాండ్‌లో అమ్మొచ్చు. మొత్తం పుస్తకాన్ని కాపీ తీసి పంచడం మాత్రం 1957 నాటి కాపీరైట్ చట్టం ఒప్పుకోదు. రచయిత బతికున్నన్నాళ్ళూ, ఆ తర్వాత 60 ఏళ్ళూ ఆ హక్కు ఉంటుంది. పుస్తకాలంటే ప్రాణం అని చెప్పుకునే గ్రూపు రాసినవాళ్ళ పొట్ట కొట్టడం ఏం బాగుంటుంది?

ఇక రెండోది, అపార్ట్‌మెంట్ కింద క్లబ్‌హౌస్‌లో ఓ షెల్ఫ్ పెట్టి "తీసుకోండి, చదివి పెట్టేయండి" అనడం. అమెరికాలో 2009లో టాడ్ బోల్ అనే ఆయన తన ఇంటి ముందు చిన్న గూడు పెట్టి మొదలుపెట్టిన 'లిటిల్ ఫ్రీ లైబ్రరీ' ఇదే పద్ధతి, ప్రపంచమంతా పాకింది. పిల్లల పుస్తకాలకు, పోటీ పరీక్షల గైడ్లకు, పాత పత్రికలకు ఇంతకన్నా మంచి దారి లేదు. థ్రిల్లర్‌కు మాత్రం పనికిరాదు. పొద్దున పెడితే సాయంత్రానికి ఉండదు. తీసుకున్నది ఎవరో తెలియదు, తిరిగి పెట్టాలన్న గడువు లేదు. ఎదురుచూస్తున్న పద్దెనిమిది మందిలో ఎవరికీ అందకుండా, ఎప్పుడో ఎండాకాలం సెలవుల్లో చదువుదామని పక్క బ్లాకులో ఎవరో దాచుకుని ఉంటారు. వాళ్ళ తప్పేం లేదు, షెల్ఫ్ మీద రాసి ఉన్నదే అది.

దీనికి అన్నలాంటిది ఇంకోటుంది. బస్టాపులోనో, పార్కు బెంచీ మీదో పుస్తకం వదిలేసి, దొరికినవాళ్ళు చదివి మళ్ళీ ఎక్కడో వదిలేయడం. 2001లో మొదలైన 'బుక్‌క్రాసింగ్' దీన్ని ఒక ఉద్యమంలా నడిపింది. పుస్తకానికో నంబరు ఇచ్చి, అది ఏ ఊరు చేరిందో ఇంటర్నెట్‌లో చూసుకుంటారు. వినడానికి ఎంత బాగున్నా, మన హైదరాబాద్ మెట్రోలో సీటు మీద పుస్తకం వదిలేసి దిగితే అది పాఠకుడికి దొరికేకన్నా సెక్యూరిటీ చేతికి చిక్కే అవకాశమే ఎక్కువ. యజమాని లేని వస్తువు కనిపిస్తే వెంటనే చెప్పమని అక్కడ మైకులో చెబుతూనే ఉంటారు మరి. అయితే ఆ బుక్‌క్రాసింగ్ వాళ్ళే ఇంకో పద్ధతి కూడా నడుపుతారు, మనకు పనికొచ్చేది అది. ముందుగా పేర్ల జాబితా రాసుకుని, ఒకరి నుంచి ఒకరికి పంపుకుంటూ పోవడం. చివరికి ఇచ్చినవాళ్ళకే తిరిగి చేరితే దాన్ని బుక్ రింగ్ అంటారు, చేరాల్సిన పని లేకపోతే బుక్ రే.

నా దృష్టిలో అసలు పోటీ మూడింటి మధ్యే. ఒకరి దగ్గర రిజిస్టర్ పెట్టి ఇచ్చిపుచ్చుకోవడం, చేతి నుంచి చేతికి వరుసగా తిప్పడం, పుస్తకాన్ని ముక్కలు చేసి తిప్పడం. మూడోది వినగానే కొందరికి ఒళ్ళు మండుతుందని తెలుసు. దాని దగ్గరికి వస్తాను.

రిజిస్టర్ పద్ధతి మనకు కొత్త కాదు. అద్దె పుస్తకాల షాపులు రాజ్యమేలిన రోజుల్లో డిటెక్టివ్ నవలలు తిరిగింది ఇలాగే. డిపాజిట్ కట్టాలి, రోజుకింత అద్దె. ఆలస్యమైతే అద్దె పెరుగుతుంది కాబట్టి ఒక్క రాత్రిలో చదివి పొద్దున్నే తెచ్చిచ్చేవాళ్ళు. ఆ వేగానికి కారణం రిజిస్టర్ కాదు, మీటరు. మన గ్రూపులో మీటరు ఉండదు, రిజిస్టర్ మాత్రమే మిగులుతుంది. పైగా షాపు వీధి చివర ఉండేది. మన పుస్తకం దాచేవారు ఊరికి ఒక చివర సైనిక్‌పురిలో ఉంటారు, చదివేవారు ఇంకో చివర మణికొండలో ఉంటారు. లెక్క చూడండి: పద్దెనిమిది మంది చదవాలంటే పుస్తకం ముప్పై ఆరు ప్రయాణాలు చేయాలి, పోవడం ఒకటి, రావడం ఒకటి. చేతి నుంచి చేతికి అయితే పద్దెనిమిదితో సరి. బైకు పార్శిల్ పెడదామంటే నాలుగైదు సార్లు తిప్పేసరికి ఆ డబ్బుతో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇంకో రెండు థ్రిల్లర్లు వస్తాయి.

అయినా రిజిస్టర్‌నే ఎంచుకోవాల్సిన సందర్భం ఒకటుంది. ఆ పుస్తకం ఇప్పుడు ఎక్కడా దొరకనిదైతే. పాత పాకెట్ సైజు నవల, మళ్ళీ అచ్చు కానిది, కాగితం పసుపెక్కి మడత పెడితే విరిగేలా ఉన్నది. దాన్ని బ్యాగుల్లో పద్దెనిమిది చేతులు మార్చడం దాన్ని చంపడమే. అలాంటిది ఒకరింట్లో ఉంచి, చదవాలన్నవాళ్ళనే అక్కడికి రమ్మనడం మంచిది. మార్కెట్లో మామూలుగా దొరికే పుస్తకానికి మాత్రం ఇంత కాపలా అక్కర్లేదు. పోతే తలా ఇరవై వేసుకుని ఇంకోటి కొనుక్కోవచ్చు.

చేతి నుంచి చేతికి తిప్పే పద్ధతిలో బలమంతా జాబితాలోనే ఉంది, అందరూ తప్పు చేసేదీ అక్కడే. ఎవరు ముందు "నాకు" అన్నారో ఆ వరుసలో పేర్లు రాసేస్తారు. దాంతో పుస్తకం మియాపూర్ నుంచి ఎల్‌బీనగర్, అక్కడి నుంచి కూకట్‌పల్లి, మళ్ళీ దిల్‌సుఖ్‌నగర్ అంటూ ఊరంతా తిరుగుతుంది. మెట్రో మ్యాపు ముందు పెట్టుకుని రాయండి. మియాపూర్, కేపీహెచ్‌బీ, ఎర్రగడ్డ, అమీర్‌పేట, ఖైరతాబాద్, నాంపల్లి, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీనగర్. రెడ్ లైన్ మీద పుస్తకం ఒకే దిక్కుగా జారుకుంటూ పోతుంది. నాగోల్, ఉప్పల్, తార్నాక వైపు వాళ్ళదీ రాయదుర్గం వైపు వాళ్ళదీ బ్లూ లైన్. రెండు లైన్లూ కలిసే అమీర్‌పేటలో గేటు బయటికి రాకుండానే పుస్తకం చేతులు మారొచ్చు. కబుర్లలో పడితే మాత్రం కష్టం, లోపల ఉండే సమయానికి పరిమితి ఉంటుంది. మెట్రో లేని పేటల్లో ఉండేవాళ్ళను వాళ్ళ ఆఫీసు ఎక్కడో చూసి ఆ చోట ఇరికించాలి.

గడువు వారం పెట్టండి. ఆరు రోజులు చదవడానికి, ఒక రోజు అందించడానికి. మరీ తక్కువ పెడితే ఉద్యోగాలు చేసేవాళ్ళకు టెన్షన్, పక్షం పెడితే పన్నెండు రోజులు టేబుల్ మీదే పడుంటుంది. ఇక అడగడం. మనవాళ్ళకు డబ్బు అప్పిచ్చి అడగడమే మొహమాటం, పుస్తకం గురించి అడగడం ఇంకా మొహమాటం. "అక్కా, అయిపోయిందా?" అంటే "లేదన్నా, పిల్లల పరీక్షలు, ఆదివారం ఇచ్చేస్తా" అంటారు. ఆ ఆదివారం రాదు. జాబితాలో తేదీలు రాసి ఉంటే మాత్రం అడిగేది మనం కాదు, తేదీ. తర్వాతి వంతు ఉన్నవారే అడగాలన్న నియమం కూడా పెట్టండి, అడ్మిన్ కాదు. చదవాలన్న ఆత్రం ఉన్నది వాళ్ళకే.

ఆ జాబితాను పుస్తకంలోనే అతికించాలి, ముందు అట్ట లోపలి వైపు. వెనక అట్టకు అతికిస్తే ప్రతివాళ్ళూ తేదీ చూసుకోవడానికని చివరి పేజీ తెరుస్తారు. కన్ను పడకూడని వాక్యం ఒక్కటి కంటబడితే చాలు, 480 పేజీలూ దండగ. గమ్ బైండింగ్ పుస్తకాన్ని చపాతీ పిండిలా నొక్కి బల్లపరుపుగా తెరవొద్దని కూడా అదే కాగితం మీద రాయండి. నడుమ దగ్గర ఒకసారి పటుక్కుమని విరిగితే అక్కడి నుంచి పేజీలు ఒక్కొక్కటే రాలతాయి. రాలిన పేజీని పదో మనిషి దాకా ఎవరూ గమనించరు. పదో మనిషి గమనించేది సరిగ్గా విచారణ జరిగే చోట. ఇవ్వబోయే ముందు బ్రౌన్ షీట్ అట్ట వేయండి, వానాకాలమైతే జిప్ కవరులో పెట్టండి. వాచ్‌మన్ దగ్గర పెట్టి వెళ్ళేవాళ్ళు కవరు మీద ఫ్లాటు నంబరు రాయడం మర్చిపోవద్దు, లేకపోతే అది కొరియర్ పార్శిళ్ళ గుట్టలో కలిసిపోతుంది.

ఇప్పుడు ముక్కల సంగతి. వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలు చింపి, దాచి, చివరికి కుట్టి బైండు చేయించుకున్న తరం ఇంకా మన ఇళ్ళలోనే ఉంది. వాళ్ళకు ఇదేమీ ఘోరంగా అనిపించదు. 480 పేజీల పుస్తకాన్ని బైండింగ్ చేసేవారి దగ్గర 160 పేజీల చొప్పున మూడు భాగాలుగా విడదీయించి, ఒక్కోదానికి అట్ట వేయించాలి. మొదటి భాగం ముందు బయల్దేరుతుంది, దాని వెనకే రెండోది, ఆ వెనక మూడోది. ఒకే సమయంలో ముగ్గురు చదువుతుంటారు. మొత్తం పుస్తకం తలా ఆరు రోజులంటే పద్దెనిమిది మందికి 108 రోజులు. ఒక్కో భాగానికి రెండు రోజులంటే ఆఖరి మనిషి 40వ రోజుకు ముగించేస్తారు. మూడు నెలలు దాటే పని నెలా పది రోజుల్లో పూర్తి.

అలాగని ఊరంతటికీ ఇదే మేలు అనలేను. అందించడం మూడింతలవుతుంది, రెండు రోజులకోసారి మెట్రో ఎక్కి పుస్తకం ముక్క ఇచ్చి రావడం ఎవరి వల్లా కాదు. ఒకే అపార్ట్‌మెంట్‌లోనో, ఒకే ఆఫీసు అంతస్తులోనో ఉన్నవాళ్ళకైతే ఇది బ్రహ్మాండం, లిఫ్టులో చేతులు మారిపోతుంది. ఇంకో చిక్కేమిటంటే, ముందున్నవారు రెండో భాగం దగ్గర నిలిచిపోతే వెనకున్నవారి ప్రాణం గిలగిలలాడుతుంది. కొందరు దాన్నే మజా అంటారు, వారం వారం సీరియల్ కోసం కాచుకున్నవాళ్ళు మరీనూ. మూడో భాగం పోయిందంటే మాత్రం మొదటి రెండూ తూకానికే. ఇదంతా పుస్తకం ఇచ్చినవారు సరేనన్న తర్వాతే. ఎవరి అక్షరాలైనా, సంతకమైనా మొదటి పేజీలో ఉంటే కత్తెర దరిదాపులకు తేవద్దు.

కాబట్టి ఊరంతా పరుచుకున్న గ్రూపుకు నా ఓటు వరుస పద్ధతికే. ఒకే గేటు లోపలున్నవాళ్ళకు ముక్కలు. అరుదైన పుస్తకానికి రిజిస్టర్.

ఏ పద్ధతైనా మాట్లాడకుండా ఉండే నియమం గట్టిగా ఉండాలి. హంతకుడి పేరు చెప్పకపోతే చాలదు. "చివర్లో ఎవరూ ఊహించరు" అన్నా చెప్పేసినట్టే, ఆ తర్వాత చదివేవాళ్ళు ప్రతి పాత్రనూ అనుమానంగానే చూస్తారు. గ్రూపులో "అయిపోయింది, తర్వాతివారికి ఇచ్చాను" అన్న ఒక్క మెసేజ్ చాలు.

తిరగడం అయ్యాక ఏం చేయాలన్నది ఇచ్చినవారిని మొదటి రోజే అడగాలి. తిరిగి కావాలంటే జాబితాలో ఆఖరి పేరు వాళ్ళ ఇంటికి దగ్గర్లో ఉండేవారిది కావాలి. వద్దంటే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ లాంటి చోట తీసుకుంటారేమో కనుక్కోవచ్చు. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం, ఆ మెట్లు ఎక్కడానికి ఇదో సాకు. మొదటి మజిలీగా మాత్రం లైబ్రరీకి ఇవ్వొద్దు, మన పద్దెనిమిది మందిలో అక్కడిదాకా వెళ్ళి చదివేది ఇద్దరో ముగ్గురో. ప్రతి గ్రూపులోనూ ఒక పుస్తకం నెలంతా చదివేవారు ఒకరుంటారు, సాధారణంగా అందరికన్నా బాగా మాట్లాడేదీ వారే. పుస్తకం ఇచ్చినవారికి తిరిగి చేరాల్సిన పని లేకపోతే వారి పేరు చివర రాసి, చర్చకు కూర్చునే ఆదివారాన్ని వారికి పుస్తకం అందిన నెల తర్వాతకు పెట్టండి.