చెరువులో ఆల్చిప్పలు వదలాలా, వాటంతట అవే పెరిగేలా చూడాలా?

బెంగళూరులో మా చెరువు గ్రూపులో మళ్లీ అదే వాదన. "ఆల్చిప్పలు నీళ్లు వడగడతాయి కదండీ, నాలుగు బస్తాలు తెచ్చి వదిలేద్దాం" అని ఒకరు. "ముందు మురుగు ఆపండి" అని ఇంకొకరు.

ఖర్చు: వదలడానికి బండి కిరాయి చాలు. మురుగు ఆపాలంటే కాలువ, శుద్ధి ప్లాంటు కావాలి. ఉదాహరణకు, మా ఊళ్లోని జక్కూరు చెరువులోకి శుద్ధి చేసిన నీరు మొక్కలు పెంచిన మడుగు దాటి వస్తుంది.

శ్రమ: వదలడం ఒక ఆదివారం పని. మురుగు ఆపడం ఏళ్ల పని.

రిస్క్: అసలు చిక్కు ఇక్కడే. ఆల్చిప్ప లార్వా (గుడ్డు నుంచి వచ్చిన పసి పిల్ల) కొన్నాళ్లు చేప మొప్పలకో రెక్కలకో అతుక్కుని బతకాలి, ఆ తర్వాతే బురదలోకి దిగుతుంది. తగిన చేప లేకపోతే పెద్దవి బతికినా సంతానం ఉండదు. మురుగులోని అమ్మోనియా ఆల్చిప్ప పిల్లలను ముందు చంపుతుంది. ఎక్కడి నుంచి తెచ్చామో అక్కడ ఆల్చిప్పలు తగ్గిపోతాయి, ఆ లెక్క ఎవరూ వేయరు! పైగా వడగట్టిన లోహాలు వాటి ఒంట్లోనే పేరుకుంటాయి; అలాంటి చెరువువి కూర వండుకోవద్దు.

ఒడ్డున బురదలో గోరంత ఆల్చిప్ప పిల్లలు దొరికితే అవే పెరుగుతున్నట్టు, కొత్తవి అక్కర్లేదు. పూడిక తీసే జేసీబీ వస్తుంటే మాత్రం బతికున్నవాటిని ఏరి, తడిగా ఉంచి, అదే చెరువులో వేరే మూలకు మార్చండి. నీరు బాగుండి, చేపలుండి, ఆల్చిప్పలు మాత్రమే పోయినచోట నిపుణులను అడిగి స్థానిక జాతినే వదలొచ్చు. మురుగు ఇంకా పడుతోందా? బస్తాల డబ్బు కాలువకు పెట్టండి.