చెడిపోతున్న డిస్క్‌లోని డేటా: ఫైళ్లు కాపీ చేయాలా, ఇమేజ్ తీయాలా, ల్యాబ్‌కి పంపాలా?

ఫోల్డర్ తెరవడానికి నిమిషం పడుతోంది, స్మార్ట్ రిపోర్టులో (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే లెక్క) ‘కరెంట్ పెండింగ్ సెక్టార్’ అంకె, అంటే చదవలేకపోతున్న చోట్ల లెక్క, రోజురోజుకీ పెరుగుతోంది. టెన్షన్‌లో అందరూ ముందు చేసేది ఫైళ్లన్నీ పట్టి వేరే డ్రైవ్‌లోకి లాగడం. కావలసింది ఒకటి రెండు చిన్న ఫోల్డర్లే అయితే అది తప్పేం కాదు, ముందు వాటిని తీసుకోండి. మొత్తం డ్రైవ్‌ను అలా కాపీ చేయడం మాత్రం వద్దు. చెడ్డ సెక్టార్ (డిస్క్‌లో డేటా ఉండే చిన్న ముక్క) దగ్గరికి రాగానే డ్రైవ్ అక్కడే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. పక్కనున్న మంచి ఫైళ్లు తీసుకోవాల్సిన సమయమంతా ఆ ఒక్క చోటే పోతుంది.

అందుకే డ్రైవ్ ఇంకా కనిపిస్తూ, వింత శబ్దాలు లేకుండా ఉంటే నా ఓటు ఇమేజ్‌కే, అంటే మొత్తం డ్రైవ్‌ను ఉన్నదున్నట్టు ఒకే ఫైల్‌గా తీసుకునే నకలుకే. దీనికి గ్నూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను మించింది నాకు తెలియదు. పాత డీడీ కమాండ్ కూడా ఇమేజ్ తీస్తుంది కానీ మొదటి నుంచి చివరి దాకా వరసగానే వెళ్తుంది. డీడీరెస్క్యూ మాత్రం చదవడం కష్టమైన చోటు తగిలితే దాన్ని దాటేసి, ముందు తేలిగ్గా వచ్చేదంతా తీసుకుంటుంది. మొండి చోట్లకి చివర్లో తిరిగొస్తుంది. ఎక్కడి దాకా వచ్చిందో మ్యాప్‌ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. మ్యాప్‌ఫైల్ పేరు ఇవ్వడం మర్చిపోతే ఆ సౌకర్యం ఉండదు.

కమాండ్ టైప్ చేసి ఎంటర్ కొట్టే ముందు రెండు డ్రైవ్‌ల సీరియల్ నంబర్లు స్టిక్కర్‌తో సరిచూసుకోండి. ఏది మూలం, ఏది గమ్యం అన్నది తారుమారైతే ఖాళీ డ్రైవ్ వచ్చి మీ ఫొటోల మీద పడుతుంది. ఇమేజ్ పెట్టే డ్రైవ్‌లో పాత డ్రైవ్ మొత్తం సైజుకి సరిపడా జాగా ఉండాలి. విండోస్ ‘రిపేర్ చేయాలా?’ అని అడిగితే వద్దనండి. ఆ రిపేర్ చేసే చెక్‌డిస్క్ ఆ చెడిపోతున్న డ్రైవ్ మీదే రాస్తుంది.

టక్ టక్ మని చప్పుడు వస్తున్నా, డ్రైవ్ కింద పడినా, అసలు తిరగకపోయినా పై రెండు దారులూ వదిలేయండి. వెంటనే పవర్ తీసేసి డేటా రికవరీ ల్యాబ్‌కి పంపండి. హెడ్ (డేటా చదివే భాగం) పాడైతే డ్రైవ్ ఆన్ చేసిన ప్రతిసారీ ప్లాటర్ (డేటా ఉండే పళ్లెం) మీద గీతలు పడే ప్రమాదం ఉంటుంది. గీత పడిన చోట డేటాను ఏ ల్యాబూ తిరిగి తేలేదు. ఖర్చు ఎక్కువే, నిజం. కానీ ఇంట్లో మూత విప్పితే దుమ్ము చేరుతుంది, ఫ్రీజర్‌లో పెడితే తేమ పడుతుంది. సర్క్యూట్ బోర్డు మారిస్తే చాలనుకుంటారు గానీ ఇప్పటి చాలా డ్రైవ్‌లలో ఆ డ్రైవ్‌కే చెందిన కొన్ని సెట్టింగులు పాత బోర్డు మీది చిప్‌లోనే ఉంటాయి.

ఇమేజ్ చేతికొచ్చాక దానికి ఇంకో కాపీ తీసి, ఫొటోరెక్, టెస్ట్‌డిస్క్ లాంటి డేటా రికవరీ ప్రోగ్రాములు ఆ కాపీ మీద నడపండి. పాత డ్రైవ్‌ను కదపకుండా పక్కన పెట్టండి, ల్యాబ్ అవసరం ఇంకా రావచ్చు.