వ్యూపాయింట్ నుంచి అజంతా లోయలోకి: ఒక రోజు నడకపై నా అభిప్రాయం

హైదరాబాదు నుంచి అజంతాకు వెళ్ళాలనుకునేవాళ్ళు బస్సులో గుహల గుమ్మం దాకా వెళ్ళి, ఒకటో నంబరు నుంచి వరుసగా చూసే పద్ధతిని పక్కన పెట్టమని నా మనవి. ఎదుటి కొండ మీది వ్యూపాయింట్ దగ్గర దిగి, లోయలోకి నడిచి, వాగు దాటి, పాత గుహలతో మొదలుపెట్టండి. మన నగరంలోని ఒక చిన్న నడక బృందం సరిగ్గా ఇలాగే తీసుకువెళ్తోంది. దసరా సెలవుల్లో నేను, మా ఆవిడ, పదో తరగతి చదివే మా అబ్బాయి వాళ్ళతో వెళ్ళివచ్చాం. మనిషికి 5,800 రూపాయలు తీసుకున్నారు. రానుపోను రైలు, ఔరంగాబాదు నుంచి వ్యాను, గుహల టికెట్లు, రెండు పూటల భోజనం అందులోనే. (ఔరంగాబాదుకు ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్ అని పేరు. రైలు టికెట్లు మీరే తీసుకునేటట్టయితే గుర్తుంచుకోండి.)

నాకు గోషామహల్ దగ్గర వడ్రంగి దుకాణం ఉంది. పాత ఇళ్ళ తలుపులు, ద్వారబంధాలు బాగుచేయడం నా పని. అజంతా అంటే బొమ్మలే కదా, అక్కడ నాకేం పని అనుకునేవాణ్ణి. ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ కొండను మనుషులు కాపురమున్న చోటుగా చూపించిన తీరు. విహారాలంటే భిక్షువులు పడుకుని, చదువుకుని, వానాకాలం గడిపిన ఇళ్ళు. ఆ సంగతి మనసుకు పట్టాలంటే ఇళ్ళలోకి వెళ్ళినట్టే వెళ్ళాలి.

బయలుదేరే ముందు ఆదివారం అందరినీ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి రమ్మన్నారు. అక్కడి అజంతా గ్యాలరీలో సయ్యద్ అహ్మద్, జలాలుద్దీన్ వేసిన నకలు చిత్రాలు ఉన్నాయి. అజంతా ఒకప్పుడు నిజాం సంస్థానంలో భాగం. 1914లో ఏర్పడిన హైదరాబాదు పురావస్తు శాఖ, దాని అధిపతి గులాం యజ్దానీ ఆ గుహల బాగోగులు చూశారు. 1920లలో ఇటలీ నుంచి చెక్కోని, ఓర్సిని అనే నిపుణులను పిలిపించి, రాలిపోతున్న చిత్రాలను గోడకు పట్టి నిలిచేలా చేయించారు. అప్పుడు వాటి మీద లక్క పూత వేశారు. అది మా పనిలో రోజూ వాడే వస్తువే. వేసినప్పుడు అద్దంలా మెరుస్తుంది, ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కి నల్లబడుతుంది. గుహల్లోనూ అదే జరిగింది. తరువాత భారత పురావస్తు శాఖ రసాయన నిపుణులు ఆ పూతను కొద్దికొద్దిగా తీస్తూ వచ్చారు. మంచి ఉద్దేశంతో, ఆనాటికి తెలిసిన మేలైన పద్ధతిలో చేసిన పని అది. మన ఊళ్ళోనే ఇంత కథ ఉందని నాకు ఇన్నేళ్ళూ తెలియకపోవడం బాధగా అనిపించింది. ఈ మ్యూజియం పూటను వాళ్ళు ఎప్పటికీ మానకూడదు.

రాత్రి రైలు ప్రయాణం మామూలే. తెల్లవారుజామున ఔరంగాబాదులో దిగి, స్నానాలు కానిచ్చి, వ్యానులో వంద కిలోమీటర్లు వెళ్ళాం.

వ్యూపాయింట్ మీద నిలబడితే వాఘోరా వాగు గుర్రపునాడాలా వంపు తిరిగి, అవతలి కొండ గోడలో గుహలన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. ఆ గోడ ఎత్తు సుమారు 76 మీటర్లు. 1819 ఏప్రిల్ 28న పులి వేటకు వచ్చిన జాన్ స్మిత్ అనే ఆంగ్లేయ సైనికాధికారి కంటబడ్డాకే బయటి లోకానికి ఈ గుహల సంగతి తెలిసింది. మా బృందాన్ని నడిపిన అమ్మాయి అక్కడ ఎక్కువ మాట్లాడలేదు. పావుగంట కూర్చోనిచ్చింది. వానలు అప్పుడే వెనకబట్టాయి కాబట్టి కొండంతా పచ్చగా ఉంది, లోయ మొదట్లో సప్తకుండ జలపాతం ఇంకా దూకుతోంది. మన గ్రానైట్ గుండ్లు చూసి పెరిగిన కళ్ళకు ఆ కొండ కొత్తగా ఉంటుంది. లావా పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకుని గట్టిపడిన నల్లరాయి అది. పొరలు అడ్డంగా బారులు తీరి ఉంటాయి, గుహల వరుసా వాటి వెంటే సాగుతుంది.

దిగడానికి అరగంటకు పైగా పట్టింది. మెట్లున్నాయి కానీ కొన్నిచోట్ల గులకరాళ్ళు జారుతాయి. ఇక్కడ నిర్వాహకుల మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. చిత్రాల గుహల్లో చెప్పులు విప్పాలి కాబట్టి తేలికైన చెప్పులు వేసుకు రమ్మని సందేశం పెట్టారు. ఆ మాట నమ్మినవాళ్ళు దిగేటప్పుడు అవస్థ పడ్డారు. మా ఆవిడ ఒకచోట మెట్టు మీద కూర్చుని దిగవలసి వచ్చింది. అడుగు పట్టు ఉండి, లేసులు లేకుండా పట్టీతో బిగించుకునే బూట్లయితే రెండు అవసరాలూ తీరుతాయి. ఈ ఒక్క ముక్క ముందే చెప్పాల్సింది.

వాగు దాటి పైకెక్కాక నేరుగా 10వ గుహకు తీసుకువెళ్ళారు. గుహల నంబర్లు కట్టిన కాలాన్ని బట్టి వేసినవి కావు, దారి మొదటి నుంచి లెక్కపెట్టి వేసినవి. అన్నిటికన్నా పాతవి 9, 10, 12 లాంటివి మధ్యలో ఉంటాయి. క్రీస్తుపూర్వం రెండు, ఒకటి శతాబ్దాలవి, మన శాతవాహనుల కాలానివి. ఒకటో గుహ వాటికి ఐదారు వందల ఏళ్ళ తరువాతిది. ముందు దాన్ని చూసి తరువాత పదికి వస్తే మనవణ్ణి చూశాక తాతను చూసినట్టే.

పదో గుహ చైత్యం, అంటే ప్రార్థన మందిరం. పొడవాటి హాలు, రెండు వైపులా స్తంభాలు, చివర స్తూపం. తల ఎత్తి చూడగానే నాకు అడుగు ముందుకు పడలేదు. పైకప్పుకు ఒకప్పుడు నిజమైన కర్ర వాసాలు బిగించారు. కర్ర ఎప్పుడో పోయింది, వాటిని కూర్చిన గాడులు రాతిలో అలాగే ఉన్నాయి. పక్క నడవల్లో మాత్రం వాసాలను రాతిలోనే చెక్కారు. రాతికి వాసంతో పనిలేదు, కొండ తన బరువు తానే మోసుకుంటుంది. అయినా ఇల్లంటే వాసాలుండాలి అనుకున్నారు వాళ్ళు. ఐదో శతాబ్దపు 19, 26 గుహలకు వచ్చేసరికి వాసాలన్నీ రాతివే అయ్యాయి. రెండు కాలాలనూ ఒకే పూట చూస్తే వడ్రంగి చెయ్యి శిల్పి చేతిలోకి ఎలా మారిందో కళ్ళకు కడుతుంది.

12వ గుహ విహారం. ముందు గోడ కూలిపోయింది. మూడు వైపులా గోడకు నాలుగేసి చొప్పున పన్నెండు గదులు, గదికి రెండు రాతి మంచాలు. ఘనమదడ అనే వర్తకుడు దీన్ని దానమిచ్చినట్టు వెనక గోడ మీద శాసనం ఉంది. మా అబ్బాయి ఒక మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని జానలతో కొలిచాడు. "నాన్నా, వీళ్ళు ముడుచుకుని పడుకునేవాళ్ళా?" అని అడిగాడు. ఇద్దరు మనుషులు, రెండు మంచాలు, మధ్యలో కాలు పెట్టేంత జాగా. దుప్పటి, భిక్షాపాత్ర తప్ప ఇంకేమీ పెట్టుకోలేరు.

తరువాత ఒక విహారంలో గది గుమ్మం దగ్గర ఆ అమ్మాయి ఆగి, గడప మూలన ఉన్న గుండ్రటి గుంట చూపించింది. "అన్నా, ఇది మీరే చెప్పాలి" అంది. "తలుపు తిరిగే గుంట అమ్మా. ఇనుప కీళ్ళు లేని తలుపుకు పైనా కిందా మొలలు వదులుతాం. పై మొల పై గుంటలో, కింది మొల ఈ గుంటలో కూర్చుంటాయి" అన్నాను. పాతబస్తీ దేవిడీల, అంటే నవాబుల పాత భవనాల, తలుపులు ఇప్పటికీ ఇలాగే తిరుగుతాయి. వేలు పెట్టి చూస్తే గుంట లోపలి అంచు నున్నగా తగిలింది. అందరూ వంతులవారీగా వేలు పెట్టి చూశారు. తనకు తెలిసిందంతా తానే చెప్పేయకుండా వచ్చినవాళ్ళ చేత చెప్పించడం ఆ అమ్మాయిలోని మంచి గుణం. స్తంభాల మీద చెయ్యి వేయబోయిన ఒకరిని ఆపిన తీరులోనూ ఆ మర్యాదే ఉంది.

మధ్యాహ్నం తరువాత మాత్రం పట్టు తప్పింది. భోజనం ఆలస్యమైంది, ఆకలి మీద 16, 17 చూడవలసి వచ్చింది. వాకాటక రాజు హరిషేణుడి మంత్రి వరాహదేవుడు చేయించిన 16వ గుహ మెట్లకు అటూ ఇటూ ఏనుగులుంటాయి, అక్కడ నిలబడే తీరిక ఇవ్వలేదు. మధ్యలో ఆపేసిన 24వ గుహను దాటిపోబోతుంటే నేనే అడిగి ఆపించాను. పూర్తయి ఉంటే పెద్ద విహారాల్లో ఒకటయ్యేది. పైకప్పు నుంచి కిందికి ఎలా తొలుచుకుంటూ వచ్చారో అక్కడ తెలిసినట్టు ఇంకెక్కడా తెలియదు. ఇక ఒకటో గుహలోని పద్మపాణి బోధిసత్వుడి చిత్రం ముందుకు చేరేసరికి అందరి కాళ్ళూ పీకుతున్నాయి. మ్యూజియంలో ముందే చూసి ఉండబట్టి ఆ ముఖాన్ని నేను ఓపికగా చూడగలిగాను గానీ, మిగతావాళ్ళు తొందరగా బయటికి వచ్చేశారు. ఈ యాత్రకు రెండో రోజు కలిపితే ఇంకొంత ఖర్చు పెట్టడానికి నాలాంటివాళ్ళు వెనకాడరు.

వెళ్ళేవాళ్ళకు ఇంకొన్ని మాటలు. సోమవారం గుహలు మూసి ఉంటాయి. వేసవిలో జలపాతం ఎండిపోతుంది, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా బాగుంటుంది. ఫ్లాష్ ఫోటోలు నిషిద్ధం, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా గుహ లోపల కాసేపు నిలబడండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను వ్యూపాయింట్ దారిలో దింపవద్దు. వాళ్ళను బస్సులో కింది ద్వారానికి పంపితే అక్కడ డోలీలు దొరుకుతాయి. దుకాణాల దగ్గర స్ఫటికాలు అమ్ముతారు, బేరమాడి కొనండి. అవి ఆ నల్లరాతి బొరియల్లో పుట్టినవే.

చెప్పుల సంగతి, భోజనం సంగతి బృందం వాళ్ళకు ఫోన్ చేసి చెప్పాను. శ్రద్ధగా విన్నారు, వచ్చే బృందం నుంచి మారుస్తామన్నారు. జనవరిలో పితల్‌ఖోరా గుహల నడక పెట్టే ఆలోచన ఉందట. మా అన్నయ్య పేరుతో కలిపి నాలుగు పేర్లు రాసుకోమన్నాను.