వెండి పనికి 0.01 గ్రాము పాకెట్ కాటా: ధర లెక్కలో ఎంత సాయం?

చేత్తో వెండి నగలు చేసి అమ్మేవాళ్లకు 200 గ్రాముల వరకు తూచి, 0.01 గ్రాము దాకా చూపే పాకెట్ కాటా సరిగ్గా సరిపోతుంది. 0.1 గ్రాము రకం కొనకండి. 2 గ్రాముల కమ్మల దగ్గర ఆ ఒక్క అంకె తేడా వస్తే లోహం ఖర్చు 5 శాతం తప్పుతుంది.

పాకెట్ కాటాతో వచ్చే పెద్ద చిక్కు యూనిట్ల బటన్. అంతర్జాతీయంగా వెండి రేటు చెప్పే ట్రాయ్ ఔన్సు 31.1 గ్రాములు, మామూలు ఔన్సు 28.35. తెరపై రెండు గుర్తులూ (ozt, oz) దాదాపు ఒకేలా కనిపిస్తాయి. మామూలు ఔన్సుల్లో తూచి ట్రాయ్ రేటు వేస్తే కొనేవారిపై దాదాపు 10 శాతం లోహం ఖర్చు అన్యాయంగా పడుతుంది. గ్రాముల్లోనే ఉంచండి.

పూర్తయిన ఉంగరాన్ని మాత్రమే తూచి ధర కడితే మీకే నష్టం. తీగ, రేకు ముందే తూచాలి. 6.40 గ్రాములతో మొదలైన పని 5.10 దగ్గర ముగిస్తే మిగతా 1.30 ముక్కలు, రజను (ఆకురాయి పొడి). అందులో తిరిగి వాడుకోగలిగినంతే లోహం ఖర్చులోంచి తగ్గించాలి. టంకం కలిసిన రజను విలువ ఇంకా తక్కువ. రాయి బిగించాక తూస్తే క్యారెట్‌కు 0.2 గ్రాము తీసేయాలి.

ఫ్యాన్ గాలికి అంకెలు ఊగుతాయి, మూత తప్పనిసరి. సరిచూసుకోవడానికి 100 గ్రాముల తూకం రాయి విడిగా కొనుక్కోవడం మేలు. పని గంటలు, పాలిష్, గ్యాసు ఖర్చు మాత్రం పక్కన పుస్తకంలో రాసుకోవాల్సిందే.