తప్పటడుగుల జోళ్లు: ఏడాదిన్నర వాడకం తర్వాత

ఏడాది నిండినప్పటి నుంచి రెండున్నరేళ్ల దాకా నాలుగు రకాల జోళ్లు వాడి చూశాక తేలింది ముందే చెప్పేస్తాను. ఇంట్లో వట్టి పాదాన్ని మించింది లేదు. గచ్చు మీద పిల్లాడు వేళ్లు విప్పి, నేలను అదిమి, పడబోయి కూడా నిలదొక్కుకుంటాడు. ఆ పట్టు ఏ సోలూ ఇవ్వదు. జోడు అవసరమయ్యేది గడప దాటాకే. ఏప్రిల్‌లో బరంపురం వీధుల్లో సిమెంటు కాలిపోతుంది, పెరట్లో పల్లేరుకాయలుంటాయి, వానలు మొదలైతే బురద. కొనేది వీటి కోసం, నడక నేర్పడానికి కాదు.

మొదట పీప్ పీప్ జోళ్లు. ఊళ్లో ఏ చుట్టమైనా కానుకగా తెచ్చేవి ఇవే. మడమలో ఈల పెట్టాలి గనక అక్కడ సోలు బోలుగా, మందంగా ఉంటుంది, వంగదు. పైగా మోత కోసం పిల్లలు మడమనే నేలకేసి కొడుతూ నడుస్తారు. కొన్నాళ్లకు ఈల ఊడి వస్తుంది. వేలి కొస అంత ప్లాస్టిక్ ముక్క, నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడుతుంది. ఊడిన చోట చిల్లు, దాంట్లోంచి నీళ్లు. ఫోటోకి వేసి తీసేయండి.

మెత్తటి గుడ్డ బూట్లు పట్టుకుని నిలబడే వయసుకి, చలికాలం చల్లటి గచ్చుకి సరిపోతాయి. అడుగున రబ్బరు చుక్కలు లేనివైతే నున్నటి టైల్స్ మీద జర్రున జారతాయి. వీధికి పనికిరావు.

ఎక్కువ కాలం వాడింది, మళ్లీ కొన్నది అంటుకునే పట్టీ ఉన్న కాన్వాస్ బూట్లు. అన్ని కాన్వాస్ బూట్లూ ఒకటి కావు, కొట్లోనే చేతులతో చూసుకోవాలి. ముక్కునీ మడమనీ రెండు చేతులతో పట్టుకుని దగ్గరికి నొక్కితే, వేళ్ల మొదలు వచ్చే చోట, అంటే ముందువైపు మూడో వంతులో వంగాలి. సరిగ్గా నడిమికి మడతపడితే పాదానికి ఆనిక ఉండదు. అసలు వంగకపోతే అది చెక్క, పిల్లాడు కాలు ఈడ్చుకుంటూ నడుస్తాడు. తర్వాత మడమ వెనక గోడను బొటనవేలితో నొక్కండి, చప్పున కూలిపోకూడదు. పట్టీ విప్పితే నాలుక వేళ్ల దాకా తెరుచుకోవాలి. పసిపిల్లల పాదం పైభాగం బొద్దుగా ఉంటుంది. ఇరుకు నోట్లో కాలు దూర్చేటప్పుడు వేళ్లు ముడుచుకుపోతాయి, పైనుంచి మనకి కనబడదు.

ఇక నంబరు. ఒడియాలో అడిగినా తెలుగులో అడిగినా కొట్టువాడు చెప్పేది ఒకటే: పెరిగే పిల్లాడు కదా, ఒక నంబరు పెద్దది తీసుకోండి. వినకండి. పెద్ద జోట్లో మడమ లేచిపోతుంది, దాన్ని ఆపుకోవడానికి వేళ్లు ముడుస్తాడు, ముక్కు నేలకు తట్టుకుని బోర్లా పడతాడు. నడక సరిగా రాలేదని మనం బెంగపడతాం, తప్పేమో జోడుది.

కొలత సాయంత్రం తీయండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబెట్టి, పెన్సిల్ నిటారుగా పట్టుకుని గీయాలి. కూర్చోబెట్టి తీస్తే తక్కువ వస్తుంది, ఎందుకంటే బరువు పడ్డప్పుడు పాదం సాగుతుంది. రెండు కాళ్లూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. దాని పొడవుకి 1 సెంటీమీటరు కలిపి ఒక చీపురుపుల్ల తుంచుకుని కొట్టుకి పట్టుకెళ్లండి. బూటు లోపల మడమ నుంచి ముక్కు దాకా పుల్ల వంగకుండా పడుకుంటే పొడవు చాలినట్టే. పడుకున్నాక ఇంకా అర సెంటీమీటరు మించి ఖాళీ మిగిలితే అది పెద్ద జోడు. వెడల్పుకి, లోపలి మెత్తను బయటికి తీసి పాదం గీసిన కాగితం మీద పెట్టి చూడండి. చిటికెనవేలి దగ్గర గీత మెత్త దాటి బయటికొస్తే ఆ జత వద్దు. బొటనవేలితో ముక్కు నొక్కి చూసే పద్ధతి పసివాళ్లతో నమ్మకం లేదు. నొక్కగానే వేళ్లు వెనక్కి లాక్కుంటారు, ఖాళీ ఉందనుకుంటాం.

పెట్టె మీద అంకె గురించి ఒక మాట. యూకే నంబరు ఒకటి పెరిగితే పొడవు సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది, యూరప్ నంబరుకి ఆరున్నర పైచిలుకు. ఒక కంపెనీ 5 మరో కంపెనీ 5తో కలవదు. పుల్లనే నమ్మండి.

రెండేళ్ల లోపు రెండు నెలలకోసారి మళ్లీ కొలవాలి. రథయాత్రకి కొన్న జత దసరాకి బిగుతైపోవడం మామూలే. బూటు విప్పగానే వేళ్ల మీద, మడమ వెనక ఎర్రటి గుర్తు చూడండి. పది నిమిషాలైనా పోకపోతే జోడు కరుస్తోందన్నమాట.

ఈ కాన్వాస్ బూట్లలోనూ లోపాలున్నాయి. పట్టీ ముళ్లలో వెంట్రుకలు, దారప్పోగులు ఇరుక్కుని మూడు నాలుగు నెలలకి పట్టు వదిలేస్తుంది. పాత పళ్ల బ్రష్షుతో గీరితే మళ్లీ అంటుకుంటుంది. పారాడడం ఇంకా పూర్తిగా మానని పిల్లలు ముక్కును నేల మీద ఈడుస్తారు, ముందు అరిగేది అక్కడే. ముక్కుకు రబ్బరు తొడుగున్నవి చూసి తీసుకోండి. వానలో తడిస్తే ఎండలోనో పొయ్యి పక్కనో పెట్టకండి, జిగురు పట్టు వదిలి సోలు నోరు తెరుస్తుంది. మెత్త విడిగా తీసి, లోపల పాత పేపరు కుక్కి, ఫ్యాను కింద ఆరబెట్టాలి. వానాకాలంలో పూర్తిగా ఆరడానికి ఒక రాత్రి చాలదు, అందుకే అప్పుడు రెండు జతలు ఉండాలి.

ఆ రెండో జతగా చిల్లుల రబ్బరు క్లాగులు వాడాం. కడిగితే శుభ్రం, ఆరే బాధ లేదు. వెనక పట్టీ వేసినా పాదం లోపల జారుతూనే ఉంటుంది, పరుగెత్తితే పడతాడు. నడక కుదిరాక, పెరట్లో నీళ్లాటకి మాత్రం పర్వాలేదు.

అరికాలు చదునుగా ఉందని ఒంపు మెత్తలు కొనకండి. ఆ వయసులో అక్కడ కొవ్వు ఉంటుంది, ఒంపు తేలడానికి ఐదారేళ్లు పట్టడం మామూలే. పద్దెనిమిది నెలలు నిండాక కూడా నడవకపోయినా, ఒక కాలు కుంటుతున్నా జోళ్ల కొట్టుకి కాదు, పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అన్న జోళ్లు తమ్ముడికి వేసే అలవాటు ఇక్కడ ఇంటింటా ఉంది. తప్పు లేదు. బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టి వెనక నుంచి చూడండి. మడమ ఒక పక్కకి ఒరిగి ఉన్నా, లోపలి మెత్త మీద పెద్దవాడి వేళ్ల గుంటలు దిగి ఉన్నా ఆ జత పక్కన పడేయండి.