యూఎంఎల్, ఓసీఎల్, కాంట్రాక్టులు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ సిస్టమ్‌ల డిజైన్‌లో యూఎంఎల్‌ను, అంటే సాఫ్ట్‌వేర్ డిజైన్‌ను బొమ్మల్లో చూపించే ప్రామాణిక భాషను, ఏళ్లుగా వాడుతున్నాను. ఇన్నేళ్లలో నాకు బాగా అక్కరకొచ్చినవి బొమ్మలు కావు, వాటి పక్కన రాసుకున్న షరతులు.

బూచ్, రంబా, జాకబ్సన్ తమ పద్ధతులను కలిపి తెచ్చిన యూఎంఎల్‌ను ప్రమాణాలు రూపొందించే సంస్థ ఓఎంజీ 1997లో ప్రమాణంగా ఆమోదించింది. ఇప్పుడు అందులో 14 రకాల డయాగ్రమ్‌లున్నాయి. నేను తరచూ వాడేవి మూడే: క్లాస్ (క్లాసులు, వాటి మధ్య సంబంధాలు), సీక్వెన్స్ (మెసేజ్‌లు వెళ్లే వరుస), స్టేట్ మెషిన్ (ఒక వస్తువు ఏ స్థితి నుంచి ఏ స్థితికి మారుతుందో).

క్లాస్ డయాగ్రమ్ మొదటి చర్చలకు చాలా బాగుంటుంది. విలువలు చదివే, మార్చే చిన్న మెథడ్‌లతో (గెటర్లు, సెటర్లు) సహా అన్నీ గీస్తే మాత్రం కోడ్ నాలుగుసార్లు మారేసరికి ఎవరూ నమ్మని కాగితం అయిపోతుంది. గీతల చివర రాసే మల్టిప్లిసిటీని (అటువైపు ఎన్ని ఉండొచ్చో చెప్పే అంకెను) మాత్రం వదలకండి. బుకింగ్ నుంచి పేమెంట్‌కు వెళ్లే గీత చివర 1 రాయాలా, 0..1 (లేకపోవచ్చు, ఉంటే ఒక్కటే) రాయాలా అన్న దగ్గరే అసలు చర్చ మొదలవుతుంది. ఖాళీ డైమండ్‌తో చూపించే అగ్రిగేషన్‌ను (ఒకటి మరోదానిలో భాగం అనే సంబంధాన్ని) నేను మానేశాను. దానికి ఖచ్చితమైన అర్థాన్ని ప్రమాణమే గీసేవాళ్లకు వదిలేసింది మరి.

ఇక కాంట్రాక్టులు: ఒక మెథడ్‌ను పిలిచేవాళ్లు ఏం పాటించాలో, బదులుగా అది ఏం హామీ ఇస్తుందో రాసుకునే షరతులు. బెర్ట్రాండ్ మేయర్ ఐఫిల్ భాషతో పాటు తెచ్చిన ఈ ఆలోచనకు నా ఓటు ఎప్పుడూ ఉంటుంది. బ్యాంకు ఖాతా క్లాసులో విత్‌డ్రా మెథడ్ తీసుకోండి. ప్రీకండిషన్ (పిలిచే ముందు ఉండాల్సింది): అడిగిన మొత్తం సున్నా కన్నా ఎక్కువ ఉండాలి, బ్యాలెన్స్‌ను మించకూడదు. పోస్ట్‌కండిషన్ (పని అయ్యాక నిజం కావాల్సింది): కొత్త బ్యాలెన్స్ అంటే పాత బ్యాలెన్స్‌లోంచి ఆ మొత్తం తీసేయగా మిగిలింది. ఇన్వేరియంట్ (ఎప్పుడూ నిలబడాల్సింది): బ్యాలెన్స్ ఎప్పుడూ సున్నా కన్నా తగ్గదు. ఇప్పుడు ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను దీనికి సబ్‌క్లాస్‌గా పెడదామని ఎవరో అంటారు. గడువు తీరాకే డబ్బు తీయాలన్న షరతు దానికి అదనం. అంటే సబ్‌క్లాస్ ప్రీకండిషన్‌ను బిగిస్తోంది, మామూలు ఖాతా అనుకుని పిలిచిన కోడ్ అక్కడ దెబ్బతింటుంది. కంప్యూటర్ శాస్త్రవేత్తలు లిస్కోవ్, వింగ్ 1994లో వివరించిన సబ్‌టైప్ నియమం ప్రకారం ఇలా బిగించకూడదు. కంపైలర్ దీన్ని పట్టదు, క్లాస్ డయాగ్రమ్‌లో బాణం చక్కగానే కనబడుతుంది. షరతులు రాసి ఉంటే రెండు నిమిషాల్లో దొరికిపోతుంది.

ఇవే షరతులను యూఎంఎల్‌తో పాటు వాడే షరతుల భాష ఓసీఎల్‌లో రాస్తే రెండర్థాలకు తావు లేకుండా పక్కాగా ఉంటాయి. కానీ టీమ్‌లో చదవగలిగేవాళ్లు తక్కువ. కలెక్షన్ల మీద చిక్కు ఇన్వేరియంట్లకే దాన్ని ఉంచి, మిగతావి మామూలు వాక్యాల్లో రాసి కోడ్‌లో అసర్షన్లుగా (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు షరతును సరిచూసే లైన్లుగా) పెడుతున్నాను.

స్టేట్ మెషిన్‌ల విషయంలో నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. డేవిడ్ హరెల్ 1987లో ప్రచురించిన స్టేట్‌చార్ట్‌లే యూఎంఎల్‌లోని వీటికి ఆధారం. బొమ్మ గీశాక నేను ఒక పట్టిక కూడా వేస్తాను: అడ్డంగా ఈవెంట్లు, నిలువుగా స్టేట్లు. ఖాళీగా మిగిలిన ప్రతి గడీ క్లయింట్‌ను అడగాల్సిన ప్రశ్నే. షిప్ అయిపోయిన ఆర్డర్‌కు క్యాన్సిల్ వస్తే ఏం చేయాలి? పేమెంట్ అందిందన్న మెసేజ్ రెండోసారి వస్తే? టెస్ట్ కేసులు కూడా ఆ గడుల్లోంచే వచ్చేస్తాయి, రిలీజ్ ముందు టెన్షన్ చాలా తగ్గుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పెద్ద టూల్ కొనాల్సిన పనిలేదు. ప్లాంట్‌యూఎంఎల్ లాంటి టెక్స్ట్ టూల్‌తో డయాగ్రమ్‌లు రాసి, కోడ్ ఉన్న రిపాజిటరీలోనే పెట్టండి. ఎవరైనా ఒక స్టేట్ తీసేసినా, షరతు సడలించినా కోడ్ రివ్యూలోనే కనబడుతుంది.